గుడ్డి నీళ్లు

పోయిన వారం సీసాలమ్మను నీటి శుద్ధి కేంద్రంలోని రికార్డు గదిలో, ఒళ్లో తమ్ముడి పరిశోధన గ్రంథంతో, నలభై ఒకటో పుట మీద వేలు పెట్టించి వదిలి వచ్చాం. అంతకు ముందు జరిగినది నాలుగు మాటల్లో చెప్పుకుంటే చాలు. చూడడానికి అద్దంలా ఉన్న నీళ్లు తాగి దిగువ కాలనీలో మూడు వందల మంది మంచాన పడ్డారు. వారిలో నాలుగేళ్ల పిల్ల ఒకతె మళ్లీ లేవలేదు. ఆ రోజు నీళ్లలో క్లోరిన్ మోతాదు తగ్గించిన ఆపరేటరు అమ్మాయిని ఇంటికి పంపించారు. తగ్గించమని చెప్పిన పట్టిక మాత్రం చెక్కుచెదరకుండా గోడ మీదే ఉంది. ఆ పట్టికను తయారుచేసిన మనిషి సీసాలమ్మ తమ్ముడు. ఇప్పుడు ఆ కేంద్రానికి డైరెక్టరు కూడా అతడే. విచారణకు వచ్చిన విశ్రాంత మహిళా న్యాయమూర్తి పట్టికకు ఆధారమైన గ్రంథాన్ని తెప్పించమనగా, బీరువా తాళం సీసాలమ్మ చేతిలో ఉంది గనక ఆ పని ఆమెకు పడింది. పదకొండేళ్లుగా గౌరవంతో ముట్టుకోకుండా ఉన్న ఆ పుస్తకాన్ని ఆమె తెరవడం అదే మొదలు. తెరిచినచోట, అచ్చు అక్షరాలలో, తన మాట కనిపించింది.

‘గుడ్డి నీళ్లు.’

ఆ మాట ఏ పుస్తకంలోనూ ఉండవలసింది కాదు. నలభై ఏళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, తన వీలు కోసం తాను పెట్టుకున్న పేరది. నది ఒడ్డునుంచి, వడపోత తొట్టెలనుంచి, ఊరి చివరి కుళాయిలనుంచి సీసాలతో నీళ్లు పట్టి తేవడం, వాటిలో మందు చుక్కలు వేసి రంగు చూడడం, చూసింది చూసినట్లు రాసిపెట్టడం ఆమె పని. బుట్టలో సీసాలు గలగలమనకుండా ఆమె నడవగా చూసినవారు లేరు. అందుకే అసలు పేరు హాజరు పట్టీలో ఉండిపోయింది, మనిషి సీసాలమ్మ అయింది. చదివింది పదో తరగతి.

ఆమె ఆ పేరాను మళ్లీ మొదటినుంచి, పెదవులు కదుపుతూ చదివింది.

‘కార్మికుల వాడుకలో గుడ్డి నీళ్లు అను పదము కలదు. గుడ్డి దీపము, గుడ్డి వెలుతురు అను ప్రయోగములందు వలె ఇచట గుడ్డి అనగా మసక. కావున గుడ్డి నీళ్లు అనగా మడ్డితో కూడి మసకబారిన నీరు అని గ్రహించవలెను.’

కింద చిన్న అక్షరాలలో మూడు నిఘంటువుల పుటల సంఖ్యలు ఇచ్చి ఉన్నాయి.

సీసాలమ్మకు మొదట నవ్వు వచ్చింది. పసివాడు చొక్కా తిరగేసి తొడుక్కుని బడికి వెళితే వచ్చేటటువంటి నవ్వు. పుట తిప్పి పట్టిక చూసేసరికి ఆ నవ్వు పోయింది.

ఎండలు ముదిరి, నది సన్నబడి, నీరు కదలక నిలిచినప్పుడు అడుగున ఉన్న ఇసుక రేణువులను కూడా లెక్కపెట్టవచ్చు. చూసినవారికి దోసిట ముంచుకుని తాగాలనిపిస్తుంది. ఎగువ ఊళ్ల మురుగు, పశువుల కొట్టాలనుంచి దిగిన ఊట ఆ తేటనీటిలో కరిగి, కంటికి చిక్కకుండా కూర్చుంటాయి. అటువంటి నీటిలో క్లోరిన్ వేస్తే వేసింది వేసినట్లే మాయమవుతుంది. గాజు గొట్టంలో క్లోరిన్ కలిపిన ఆ నీరు తీసుకుని పరీక్ష మందు చుక్క వేస్తే పసుపు రంగు తేలుతుంది. అరగంటసేపు కిటికీలో నిలబెడితే ఆ పసుపు పాలిపోయి వట్టి నీళ్లు మిగులుతాయి. రంగు నిలవని ఆ నీళ్లకు మామూలు మోతాదు చాలదు, రెట్టింపు వేయాలి. కన్ను పట్టుకోలేని నీళ్లు గనక ఆమె వాటిని గుడ్డి నీళ్లు అంది. గుడ్డితనం చూసేవాడిదని ఆమె ఉద్దేశం. నీటిదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆమె నోటుబుక్కుల్లో ‘గుడ్డి’ అని రాసిన రోజులన్నిటి ఎదురుగా ‘రెట్టింపు’ అని ఉంటుంది. పరిశోధనకని ఆ నోటుబుక్కులు పట్టుకెళ్లిన తమ్ముడు ఆ రెండు మాటలనూ తీసుకున్నాడు. గుడ్డి అంటే మసక అని నిఘంటువు చేత చెప్పించాడు. మసక నీటికి రెట్టింపు మందు కావాలంటే తేటనీటికి సగం సరిపోవాలని సూత్రం కట్టాడు. లెక్కలో ఎక్కడా దోషం లేదు. గీసిన గీతలు తిన్నగా ఉన్నాయి. ఏ నీటిని చూస్తే సీసాలమ్మకు గుండె దడదడలాడేదో, ఆ నీటికే అతడు మందు సగానికి తగ్గించాడు.

మరి పదేళ్లుగా గోడ మీద ఉన్న పట్టిక ఇన్నాళ్లూ ఎవరినీ ఎందుకు చంపలేదని పాఠకులు అడగవచ్చు. సీసాలమ్మ ఆ గోడవైపు చూడలేదు గనక. తమ్ముడి పేరున్న కాగితాన్ని తన చేతులతోనే అద్దం కట్టించి తగిలించింది. ఆ తరువాత ప్రతి ఉదయమూ తన గాజు గొట్టం తాను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. పట్టిక సగం అన్న రోజున ఆమె రంగు చూసి రెట్టింపు వేసింది. ఆ సంగతి పైవారు అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆరు నెలల కిందట కొత్త ఉత్తర్వు వచ్చింది. డిగ్రీ లేనివారు ఇకమీదట మోతాదు విషయంలో చేయి పెట్టరాదు. ఆమెను రికార్డు గదికి పంపి, సీసాల బుట్టను మెట్ల కింద పడేశారు. ఉత్తర్వు కింద తమ్ముడి సంతకం చూసి, పోనీలే, పిల్లవాడి ఏలుబడిలో అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయి అని కూడా ఆమె అనుకుంది. వేసవి వచ్చింది. నది తేటపడింది.

పుస్తకం మూసి ఆమె ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. తలుపు చప్పుడైతే తల ఎత్తింది.

తమ్ముడు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. విచారణ మధ్యాహ్న విరామంలో ఉంది. రెండింటికి మళ్లీ మొదలవుతుంది, మొదలవగానే పిలవవలసిన సాక్షి సీసాలమ్మ. అతడి ముఖం నాలుగు రోజుల జ్వరంనుంచి లేచినవాడి ముఖంలా ఉంది. నౌకర్లు చాటున అతడిని ఏడు తోకలాయన అంటారు. విజ్ఞానశాస్త్రం, భాష, చట్టం, పరిపాలన, బోధన, గణాంకాలు, వాటి నెత్తిన డాక్టరేటు. అతడి గది తలుపు మీద బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరు తోకలకు రెండు వరసలు కేటాయించి, చోటు చాలక పేరును చిన్నది చేశాడు.

“భోంచేశావా అక్కా?” అన్నాడు.

“ఆ మాట అడగడానికి మూడంతస్తులు ఎక్కి రాలేదు గదా నువ్వు.”

అతడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, మడత పెట్టిన కాగితం ఒకటి జేబులోనుంచి తీసి బల్ల మీద పరిచాడు. తానే టైపు చేసుకున్నాడు కాబోలు, ఒకటి రెండు తప్పులున్నాయి. ఇంతకాలం నీటి లక్షణాల గురించి తాను రాసిన రాతలు శిక్షణ లేక, ఊహ మీద ఆధారపడి రాసినవని, అవి తప్పని డైరెక్టరుగారికి తెలిసే అవకాశం లేదని, ఆయన వాటిని నమ్మి పట్టిక తయారుచేశారని సీసాలమ్మ ఒప్పుకుంటున్నట్లు అందులో ఉంది. కింద గీత గీసి ఉంది. గీత పక్కన ఆమె అసలు పేరు.

తన వాదనను అతడు చక్కగా పేర్చుకుని వచ్చాడు. చట్టంలో పట్టా ఊరికే పోలేదు. తప్పు మూలంలో ఉందని తేలితే పట్టికను అనుసరించిన ఆపరేటరు అమ్మాయి నిర్దోషి అవుతుంది, రేపే ఉద్యోగానికి వస్తుంది. కేంద్రం పరువు నిలుస్తుంది. పదవీ విరమణకు ఏడాది కూడా లేని, కింది తరగతి ఉద్యోగినిని న్యాయమూర్తి ఏమీ చేయదు, మందలించి వదిలేస్తుంది. ఇంతా చెప్పి, గొంతు తగ్గించి, ఆఖరి మాట చిన్నప్పటి తమ్ముడిలా అన్నాడు.

“ఒక్క సంతకం అక్కా. నీకు పోయేదేముంది?”

“నా నోటుబుక్కులు.”

“అవి చిత్తు కాగితాలు.”

“చిత్తు కాగితాలకే నీకు డాక్టరేటిచ్చారా?”

అతడు కిటికీవైపు చూశాడు. సీసాలమ్మ పుస్తకాన్ని అతడివైపు తిప్పి, నలభై ఒకటో పుట తీసి, ఆ పేరా కింద వేలు పెట్టింది.

“గుడ్డి నీళ్లంటే ఏంటో చెప్పు.”

“ఇప్పుడదంతా ఎందుకు? రాశాను గదా. మసక నీళ్లు.”

“ఎవర్నడిగి రాశావ్?”

“అడగడమేంటి? భాషలో ఎమ్మే చేశాను. మూడు నిఘంటువులు చూశాను. కింద ఇచ్చాను చూడు.”

“నన్నడగొచ్చు గదరా.” ఆమె గొంతు పెరగలేదు. “మూడేళ్లు రాశావ్ ఈ పుస్తకం. ఆ మూడేళ్లూ మనం ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే బల్ల మీద తిన్నాం. నేను పక్క గదిలో ఉంటే నువ్వు నిఘంటువులో వెతికావా?”

ఆమె చెప్పవలసింది చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. తేటగా కనిపించి మందును మింగేసే నీళ్లు ఎట్లా ఉంటాయో, పసుపు ఎంతసేపటిలో పాలిపోతుందో, వాటికి రెట్టింపు ఎందుకు వేయాలో చెప్పి ఆపింది. అతడు ఆమె ముఖంలోకి చూస్తూ విన్నాడు. విన్నకొద్దీ అతడి చేయి తనంత తాను పుటలు తిప్పి పట్టిక దగ్గరికి వెళ్లింది. ఏడు పరీక్షలు గట్టెక్కిన బుర్ర అది, మందబుద్ధి ఎంతమాత్రం కాదు. తేటనీరు, సగం మోతాదు అన్న వరస మీద వేలు ఆగినప్పుడు అతడికి సంగతంతా తెలిసింది. తెలిసిందని సీసాలమ్మకూ తెలిసింది.

“నీ బుక్కుల్లో తేట అని లేదు,” అన్నాడు చివరికి.

“ప్రతి రోజుకీ మొదటి గడిలో ఉంది. తే అని.”

“తే అంటే తేదీ అనుకున్నాను.”

“మసక రోజుల్లో మ అని రాశాను గదా. దాన్నేమనుకున్నావ్, మంగళవారమా?”

“మధ్యాహ్నం.” అతడు కళ్లు దించుకున్నాడు. “మధ్యాహ్నం తీసిన నీళ్లనుకున్నాను. ఆ గడి అక్కర్లేదని టైపిస్టుకు చెప్పి తీయించేశాను.”

సీసాలమ్మ అతడి నోట ఒక మాట కోసం ఎదురుచూసింది. చనిపోయిన ఆ పసిపిల్ల పేరు అడుగుతాడనుకుంది, లేదా ఆ తల్లి ఎక్కడ ఉందని. ఆ రెండూ అడగకపోయినా, తల పట్టుకుని ఏడ్చినా ఆమెకు సరిపోయేది.

“ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?” అన్నాడు తమ్ముడు.

అప్పుడు ఆమెకు పంపుహౌసు మెట్లు కళ్ల ముందు కదిలాయి. తల్లి పోయిన ఏడు. తనకు పంతొమ్మిది, వాడికి తొమ్మిది. పని ముగించుకుని మెట్ల మీద కూర్చుని తాను పుస్తకం పట్టుకుంటే, వాడు ఎదురుగా నిలబడి పాఠం అప్పజెప్పేవాడు. అక్షరం పొల్లుపోయేది కాదు. కామాలు ఉన్నచోట ఊపిరి కూడా తీసుకునేవాడు. ఒకరోజు ఆమె సరదాకు ప్రశ్న మార్చి అడిగింది. పుస్తకంలో ఆవిరి నీరవడం ఉంటే, మన ఇంట్లో అన్నం గిన్నె మూత మీద చెమ్మ ఎందుకు పట్టిందో చెప్పమంది. వాడు బిక్కమొహం వేశాడు. అది పుస్తకంలో లేదన్నాడు. మళ్లీ అడిగితే వెక్కివెక్కి ఏడ్చి, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తల్లిలేని పిల్లవాడని ఆమె మనసు కరిగింది. మర్నాటినుంచి పుస్తకంలో ఉన్న ప్రశ్న ఉన్నట్లే అడిగింది. వాడు ఉన్న జవాబు ఉన్నట్లే చెప్పాడు. మొదటి పట్టా వచ్చినప్పుడు వీధంతా పిలిచి చూపించింది. రెండోది, మూడోది. పుస్తకం ఎప్పుడు మూసినా వాడికి కాళ్ల కింద నేల ఉండేది కాదు గనక, ఒకటి మూయగానే మరొకటి తెరిచేవాడు. లోకం దాన్ని విద్యాదాహం అంది. ఆమె కూడా అదే అంది. ప్రశ్న మార్చి అడగడం తాను ఏ రోజు మానేసిందో, ఆ రోజునుంచే ఈ మధ్యాహ్నం మొదలైందని ఇప్పుడు తోచి, ఆమెకు తమ్ముడి మీద కంటె తన మీద ఎక్కువ అసహ్యం కలిగింది.

ఆమె ఆ కాగితాన్ని మళ్లీ మడత పెట్టి అతడి ముందుకు తోసింది.

“సంతకం పెట్టను.”

“అక్కా, నా బతుకు పోతుంది.”

“పోతుంది,” అంది సీసాలమ్మ. అబద్ధం చెప్పి ఓదార్చే వయసు ఇద్దరిదీ దాటిపోయింది. ఆ వెంటనే, ఇంతసేపూ మనసు అడుగున మెదులుతున్న మరొక అనుమానం పైకి వచ్చింది. “ఈ పట్టిక ఇంకెక్కడైనా వాడుతున్నారా?”

ఈ ఏడాదినుంచి మూడు ఊళ్లలో వాడుతున్నారని అతడు చెప్పాడు. చెబుతున్నప్పుడు అలవాటు చొప్పున గొంతులో కొంచెం గర్వం తొంగిచూసి, సగంలో చచ్చిపోయింది. ఆ మూడింటిలో ఇప్పుడు నీళ్లు ఎక్కడ తేటగా ఉన్నాయని ఆమె అడిగింది. అతడికి తెలియదు. నెలవారీ నివేదికలు వస్తాయని, వచ్చే వారం చూసి చెప్పగలనని అన్నాడు.

ఆమె అతడితో వాదించలేదు. బల్ల మీది సెల్‌ఫోను తీసి ఎగువ పట్టణం కేంద్రంలో పనిచేసే మేస్త్రీకి చేసింది. పాతికేళ్లుగా ఆమె సీసాలు అక్కడికి, అతడి సీసాలు ఇక్కడికి వచ్చి వెళుతూనే ఉన్నాయి. అతడి గొంతు ఎప్పటిలాగే ఉల్లాసంగా ఉంది.

“ఏం చెప్పమంటారు సీసాలమ్మగారూ, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. పొద్దుట్నుంచి సగమే వేస్తున్నాం.”

“ఊళ్లోకి ఎప్పుడు వదులుతారు?”

“రెండింటికి.”

గోడ గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. వెంటనే రెట్టింపు చేయమని ఆమె చెప్పింది. మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. ఆమె మాట మీద తనకు అనుమానం లేదని, అయితే ఇప్పుడు అందరూ హడలిపోయి ఉన్నారని, పట్టిక పాటించినవాళ్లనే ఇంటికి పంపిస్తుంటే పాటించనివాళ్లను ఏం చేస్తారో ఊహించుకోమని అన్నాడు. మోతాదు మార్చాలంటే పట్టిక రాసినవారే కారణం చూపి కాగితం ఇవ్వాలని డైరెక్టరుగారి ఉత్తర్వే ఉంది. కాగితం ఫోటో తీసి పంపినా చాలు, క్షణంలో క్లోరిన్ గేటు తిప్పుతానన్నాడు.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆమె తమ్ముడివైపు చూసింది. అతడు అంతా విన్నాడు. సొరుగులోనుంచి ఉత్తర్వు ఫారం ఒకటి తీసి ఆమె అతడి ముందు పెట్టింది. అతడు కలం తీశాడు. తేదీ వేశాడు. రెట్టింపు మోతాదు అని స్పష్టంగా రాశాడు. కారణం అన్న గడి దగ్గర చేయి ఆగింది. అతడు వంగి, చేత్తో కొంచెం చాటుచేసుకుని, పరీక్ష హాలులో కుర్రవాడిలా గబగబా రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

‘ఆ కేంద్రంలో నీటి మసకను కొలిచే యంత్రం సరైన నిర్వహణ లేక చెడిపోయినందున.’

సీసాలమ్మ రెండుసార్లు చదివింది. ఆ యంత్రం బాగోగులు చూసే మనిషి ఫోనులో ఉన్నాడు. ఇవాళ అతడి ఊరు బతుకుతుంది. రేపు ఆ ఊళ్లో ఏది చెడినా ఈ కాగితం అతడి మెడకు చుట్టుకుంటుంది.

“నిజం రాయి,” అంది.

“ఇంతకంటె రాయలేను. కావాలంటే పంపు, లేకపోతే చించెయ్. టైమవుతోంది.” అతడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ కళ్లను ఆమె ఎరుగును, చెమ్మ ఎందుకు పట్టిందో చెప్పమన్న రోజున కూడా అవి అట్లాగే ఉన్నాయి. ఆనాడు ఆమె ఓడిపోయింది.

గడియారం ఒకటీ యాభై దాటింది. ఆమె కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి ఫోటో తీసి పంపించింది. అవతల మేస్త్రీ దాన్ని చదువుకున్నాడు.

“అమ్మా, మా యంత్రం బాగానే ఉంది గదా.”

“దాంట్లో కారణం అబద్ధం. మోతాదు నిజం. వెయ్యి.”

“రేపు ఆ అబద్ధం నా నెత్తిన పడదా?”

“పడనివ్వను. ముందు గేటు తిప్పు నాయనా.”

ఆమె వింటూ ఉండగానే అతడు ఎవరినో కేకవేసి పిలవడం, ఇనుప చక్రం కిర్రుమంటూ తిరగడం వినిపించాయి. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. అప్పుడు ఫోను పెట్టేసింది. ఉత్తర్వు కాగితాన్ని, టైపు చేసిన వాంగ్మూలాన్ని, గ్రంథాన్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చేతిలోకి తీసుకుంది. వాంగ్మూలాన్ని లాక్కోవడానికి తమ్ముడు చేయి చాచాడు. అక్క ముఖం చూసి ఆ చేయి వెనక్కి తీసుకున్నాడు.

“లోపల ఏం చెప్తావ్?”

“అడిగింది చెప్తాను. నువ్వూ రా. విని వెళ్దువుగాని.”

విచారణ గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. పొడవాటి బల్లకు ఆ చివర న్యాయమూర్తి, పక్కన గుమాస్తా, ఈ చివర సాక్షి కుర్చీ. గోడవారన వేసిన కుర్చీలలో ఇంటికి పంపించేసిన ఆపరేటరు అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు రెండు కుర్చీల అవతల నల్లటి శాలువా కప్పుకున్న ఒక స్త్రీ ఉంది. ఎవరని సీసాలమ్మ అడగలేదు, అడగవలసిన అవసరం లేకపోయింది. తలుపు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు.

న్యాయమూర్తికి అరవై దాటి ఉంటాయి. తొందర లేని మనిషి. గుమాస్తా పేరు, వయసు, చదువు రాసుకున్నాక, చెప్పదలచుకున్నది మీ మాటల్లోనే చెప్పండమ్మా అంది. సీసాలమ్మ చెప్పింది. సొంత తమ్ముడని తగ్గించలేదు, కోపం కొద్దీ పెంచలేదు. పదేళ్లపాటు పట్టికను కాదని తన ఇష్టప్రకారం మోతాదు వేసిన సంగతి, అది పైకి చెప్పకుండా దాచిన సంగతి కూడా దాపరికం లేకుండా చెప్పింది. ఆనాడే చెప్పి ఉంటే పట్టిక ఆనాడే గోడ దిగేదని, ఆ తప్పు తనదని అంది. అప్పుడు శాలువా స్త్రీ తల ఎత్తి మొదటిసారి ఆమెవైపు చూసింది. ఆ చూపుకు సీసాలమ్మ మాట ఒక్క క్షణం తడబడింది. తరువాత ఎగువ పట్టణం ఉత్తర్వును బల్ల మీద పెట్టి, అందులోని కారణం అబద్ధమని, తెలిసే పంపానని, మేస్త్రీ తప్పేమీ లేదని రాసుకోమని గుమాస్తాను అడిగింది.

గుమాస్తా కలం చాలాసేపు కదిలింది. అది ఆగాక న్యాయమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“మీరు చెప్పిందాన్ని నేను నమ్ముతున్నాను. నేను నమ్మడం చాలదు. గుడ్డి అంటే తేటనీళ్లని మీరిప్పుడంటున్నారు. పదకొండేళ్ల కిందట కూడా అదే అర్థమని చూపించేది ఏదైనా ఉందా?”

“ఉందండీ. నా నోటుబుక్కులు. పద్నాలుగు. గుడ్డి అని రాసిన ప్రతిచోటా పక్క గడిలో తే అని ఉంటుంది. తేట.”

“నకళ్లున్నాయా?”

“లేవండీ. అవే.”

“ఎక్కడున్నాయి?”

“పరిశోధనకని డైరెక్టరుగారు తీసుకెళ్లారు. వారింట్లో ఉన్నాయి.”

“అయితే ఆయన్నే తెప్పించమందాం,” అని న్యాయమూర్తి తలుపువైపు చూసింది. గుమాస్తా చూశాడు. ఆపరేటరు అమ్మాయి చూసింది. అందరికంటె ఆఖరున సీసాలమ్మ మెడ తిప్పింది.

తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. మూసిన కిటికీల అవతల, మూడంతస్తుల కింద, ఒక కారు స్టార్టయి, కంకర మీద గిర్రున తిరిగి, గేటు దాటి వెళ్లిన చప్పుడు గదిలో ఉన్నవారందరికీ వినిపించింది.

“ఏమమ్మా, ఆయన ఎక్కడికి వెళ్లారు?” అంది న్యాయమూర్తి.

“నోటుబుక్కుల కోసమేనండీ,” అంది సీసాలమ్మ.